మీ లైనక్స్ మెషిన్ అవతలివాళ్లకి కనపడదు

ఒకసారి అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేశాక, నా లైనక్స్ కంప్యూటర్ లాగిన్ స్క్రీన్ దాటి లోపలికి పోవడం మానేసింది. పాస్‌వర్డ్ కొడితే తెర ఒక్క క్షణం నల్లబడేది, మళ్లీ అదే లాగిన్ స్క్రీన్ వచ్చేది. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెప్పాలి కదా, అదీ చెప్పలేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే వచ్చే టెక్స్ట్ కన్సోల్‌లో మాత్రం అదే పాస్‌వర్డ్‌తో హాయిగా లాగిన్ అవుతున్నాను. దాంతో నా అనుమానమంతా గ్రాఫిక్స్ డ్రైవర్ మీదికి పోయింది. "అప్‌డేట్ తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ పాడైంది, మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఎలా?" అని ఆన్‌లైన్‌లో లైనక్స్ వాడేవాళ్లని అడిగాను. ముగ్గురు ఓపిగ్గా జవాబులు చెప్పారు. డ్రైవర్ తీసేశాను, మళ్లీ పెట్టాను, పాత వెర్షన్ పెట్టి చూశాను. రెండు గంటలు గడిచినా లాగిన్ స్క్రీన్ అక్కడే ఉంది.

అప్పుడు ఇంకొకాయన వచ్చి ఒకే ఒక్క మాట అడిగారు: "డిస్క్‌లో ఖాళీ ఎంతుంది?" డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే 100 శాతం నిండిపోయి ఉంది.

జరిగింది ఇదీ. ఏదో ఒక ప్రోగ్రామ్ ఒకే ఎర్రర్‌ని సెకనుకు కొన్ని వందల సార్లు నా హోమ్ ఫోల్డర్‌లో ఎక్స్‌సెషన్-ఎర్రర్స్ అనే దాచిన ఫైల్‌లో రాసుకుంటూ పోయింది. ఆ ఫైల్ పదుల గిగాబైట్లకు పెరిగింది. అప్‌డేట్ కోసం దిగిన ప్యాకేజీలు మిగిలిన కాస్త చోటునీ తినేశాయి. గ్రాఫికల్ లాగిన్ అయ్యేటప్పుడు సిస్టమ్ హోమ్ ఫోల్డర్‌లో ఎక్స్‌అథారిటీ అనే చిన్న ఫైల్ రాయాలి. చోటు లేక రాయలేకపోయింది, సెషన్ చచ్చిపోయింది, లాగిన్ స్క్రీన్ తిరిగొచ్చింది. టెక్స్ట్ కన్సోల్‌కి అలాంటి ఫైల్ అక్కర్లేదు కాబట్టి అక్కడ ఏ ఇబ్బందీ రాలేదు. మరి డిస్క్ నిండిపోయి ఉంటే డ్రైవర్ మళ్లీ ఎలా ఇన్‌స్టాల్ అయింది? డిస్క్ మీద ఫైళ్లను అమర్చే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటుని, అన్ని హక్కులూ ఉండే రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది. సుడోతో, అంటే రూట్ హక్కులతో, చేసిన పనులన్నీ ఆ 5 శాతంలో జరిగాయి. మామూలు యూజర్‌గా నాకు మాత్రం ఒక్క బైటు కూడా మిగల్లేదు.

సాయం చేసిన ఆ ముగ్గురి తప్పు ఇందులో లేదు. నేను అడిగినదానికి వాళ్లు సరైన జవాబే చెప్పారు. నేను చూసింది చెప్పకుండా, చూసినదాని నుంచి నేను ఊహించుకున్నది చెప్పాను. లైనక్స్ వాళ్ల మధ్య దీనికి ఎక్స్‌వై ప్రాబ్లమ్ అని పేరు. ఎక్స్ అనే సమస్య వచ్చింది, దానికి వై పరిష్కారమని మనమే తీర్మానించుకున్నాం, ఇక ఎక్స్ ఊసే ఎత్తకుండా వై గురించి మాత్రమే అడుగుతాం. ఆ రోజు నుంచి నాకు ఒక సంగతి బాగా పట్టుబడింది. లైనక్స్‌లో సాయం చేసేవాళ్లకి తెలివీ ఓపికా సాధారణంగా ఉంటాయి. వాళ్లకి లేనిది ఒక్కటే, మన మెషిన్‌ని చూసే కళ్లు. ఆ కళ్లు మనమే కావాలి.

ఎవరిని అడగాలన్నదే సగం చిక్కు

1991 ఆగస్టు 25న హెల్సింకీ యూనివర్సిటీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, మినిక్స్ అనే సిస్టమ్ వాడేవాళ్ల న్యూస్‌గ్రూప్‌లో తన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ గురించి మొదటిసారి రాశారు. మినిక్స్‌లో మీకు నచ్చేవేంటి, నచ్చనివేంటి చెప్పండి అని అందులో అడిగారు. అంటే లైనక్స్ పుట్టుకలోనే ముఖపరిచయం లేనివాళ్లని అడగడం అనేది ఉంది.

ఇవాళ మనం లైనక్స్ అని పిలిచేది ఒకరు చేసిన వస్తువు కాదు. హార్డ్‌వేర్‌నీ ప్రోగ్రామ్‌లనీ కలిపి నడిపే గుండెకాయ లాంటి కెర్నల్‌ని ఒక గుంపు రాస్తుంది. కింది స్థాయి కమాండ్లలో చాలావరకు గ్నూ ప్రాజెక్టువి. సర్వీసులను లేపి నడిపే సిస్టమ్‌డీ ఇంకొక ప్రాజెక్టు. గ్నోమ్, కేడీఈ లాంటి డెస్క్‌టాప్‌లు వేరు. వీటన్నిటినీ ఏరి, కలిపి, పరీక్షించి మన చేతికిచ్చేది డెబియన్, ఉబుంటు, ఫెడోరా, ఆర్చ్ లాంటి డిస్ట్రో. డబ్బు కట్టి సపోర్ట్ తీసుకునే కంపెనీలు ఉన్నాయి, కానీ ఇంట్లో వాడుకునేవాళ్లలో ఎక్కువమందికి దిక్కు కమ్యూనిటీయే. ఆ కమ్యూనిటీ కూడా ఒకటి కాదు. వైఫై చిప్ డ్రైవర్ సంగతి తెలిసినవాళ్లు ఒక చోట, డెస్క్‌టాప్ ప్యానెల్ సంగతి తెలిసినవాళ్లు మరో చోట ఉంటారు. అందుకే సమస్య ఏ పొరలో ఉందో కనిపెట్టడమంటే ఎవరిని అడగాలో కనిపెట్టడమే. ఈ పని సగం చేసుకుని అడిగితే జవాబు త్వరగా వస్తుంది.

ఎక్కడ ఆగింది?

కంప్యూటర్ ఆన్ అయ్యాక పనులు ఒక వరసలో జరుగుతాయి. ముందు మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్ లేస్తుంది. అది బూట్‌లోడర్‌ని పిలుస్తుంది, చాలా మెషిన్లలో అది గ్రబ్. గ్రబ్ కెర్నల్‌ని మెమరీలోకి తెస్తుంది. కెర్నల్ హార్డ్‌వేర్‌ని గుర్తుపట్టి సిస్టమ్‌డీకి పగ్గాలు ఇస్తుంది. సిస్టమ్‌డీ డిస్కులు తగిలించి, నెట్‌వర్క్ లేపి, సర్వీసులు మొదలుపెట్టి, చివరికి లాగిన్ స్క్రీన్ చూపిస్తుంది. ఆ తర్వాతే మన డెస్క్‌టాప్, అందులో మన ప్రోగ్రామ్‌లు. "కంప్యూటర్ ఆన్ అవ్వట్లేదు" అనే మాట ఈ వరసలో ఎక్కడైనా అయి ఉండవచ్చు. గ్రబ్ మెనూ కనిపించిందా? కెర్నల్ అక్షరాలు తెర మీద పరిగెత్తాయా? లాగిన్ స్క్రీన్ దాకా వచ్చిందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెబితే చాలు, వెతకాల్సిన చోటు బాగా తగ్గిపోతుంది.

తగ్గించడానికి ఇంకొన్ని పరీక్షలున్నాయి, ఒక్కోటీ అయిదు నిమిషాల పని. డెస్క్‌టాప్ బిగుసుకుపోతే టెక్స్ట్ కన్సోల్ వస్తుందేమో చూడాలి. వస్తే కెర్నల్ బతికే ఉంది, పైపొరలోనే తేడా. కొత్త యూజర్ అకౌంట్ ఒకటి చేసి దాంతో లాగిన్ అవ్వాలి. అందులో అంతా సరిగా ఉంటే తప్పు మన హోమ్ ఫోల్డర్‌లోని సెట్టింగుల్లో ఉంది, సిస్టమ్‌లో లేదు. నా లాగిన్ గొడవలో ఈ పరీక్ష చేసినా కొత్త యూజర్‌కీ చోటు ఉండేది కాదు. కనీసం "ఇద్దరు యూజర్లకీ ఇదే జరుగుతోంది" అన్న మాటైనా నా ప్రశ్నలో చేరేది. గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని బూట్ చేస్తే సమస్య పోయిందంటే, కొత్త కెర్నల్‌కో దానితో వచ్చిన డ్రైవర్‌కో సంబంధం ఉన్నట్టు. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ సిస్టమ్ నడిపినా అదే సమస్య వస్తే హార్డ్‌వేర్ మీద అనుమానం పెరుగుతుంది.

నెట్‌వర్క్‌లో ఇదే పద్ధతి ఇంకా తేలిక. 1.1.1.1 లాంటి ఐపీ అడ్రస్‌కి పింగ్ (జవాబొస్తుందా అని పంపే చిన్న సందేశం) వెళ్తోంది, పేరుతో వెళ్లట్లేదు అంటే లైన్ బాగానే ఉంది, పేరుని అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర చిక్కు. ఐపీకి కూడా వెళ్లకపోతే ముందు రౌటర్ దాకా వెళ్తోందా అని చూడాలి. వైఫై కార్డే కనిపించకపోతే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ కమాండ్‌తో అది బ్లాక్ అయి ఉందేమో చూడాలి. సాఫ్ట్ బ్లాక్ అయితే కమాండ్‌తో తీసేయవచ్చు. హార్డ్ బ్లాక్ అని వస్తే ల్యాప్‌టాప్ మీద ఉన్న మీటో స్విచ్చో నొక్కాలి, దాన్ని ఏ కమాండూ మార్చలేదు.

ఈ సగం సగం చేసుకుంటూ పోయే పద్ధతిని కెర్నల్ డెవలపర్లు చాలా దూరం తీసుకెళ్లారు. ఒక కెర్నల్ వెర్షన్‌కీ తర్వాతి వెర్షన్‌కీ మధ్య పదివేలకు పైగా మార్పులు ఉంటాయి. పాతది పనిచేసింది, కొత్తది పనిచేయట్లేదు, తప్పు ఏ మార్పుది? గిట్ బైసెక్ట్ అనే సాధనం సరిగ్గా మధ్యలో ఉన్న వెర్షన్ ఇచ్చి పరీక్షించమంటుంది. బాగుంటే రెండో సగం, చెడిపోతే మొదటి సగం. ఇలా దాదాపు 14 సార్లు చేస్తే పదహారు వేల మార్పుల్లోంచి ఒకే ఒక్క మార్పు చేతికొస్తుంది. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా దీన్ని చేయగలరు, కావాల్సింది ఓపిక. అలా పట్టుకున్న ఒక్క లైను సమాచారం, పది పేజీల వర్ణన కన్నా డెవలపర్‌కి ఎక్కువ పనికొస్తుంది.

మెషిన్ రాసుకున్న డైరీ

లైనక్స్ తనకు జరిగినవన్నీ రాసి పెట్టుకుంటుంది. సిస్టమ్‌డీ ఉన్న డిస్ట్రోల్లో ఆ డైరీ చదివే కమాండ్ జర్నల్‌సీటీఎల్. దానికి మైనస్ బీ తగిలిస్తే ఈసారి బూట్ అయినప్పటి నుంచి జరిగినవి చూపిస్తుంది. మైనస్ బీ తర్వాత మైనస్ 1 అని పెడితే కిందటిసారి బూట్ అయినప్పటివి వస్తాయి. మెషిన్ బిగుసుకుపోయి పవర్ బటన్ నొక్కి ఆపేసినప్పుడు ఇది అక్కరకొస్తుంది, ఎందుకంటే ఆగిపోయే ముందు అది చెప్పిన చివరి మాటలు అందులో ఉంటాయి. కొన్ని సిస్టమ్‌లలో ఈ డైరీ మెమరీలోనే ఉండి రీస్టార్ట్ చేయగానే పోతుంది. అలాంటప్పుడు దాన్ని డిస్క్ మీద దాచేలా ముందే సెట్ చేసుకోవాలి. కెర్నల్ మాటలు మాత్రమే కావాలంటే డీమెసేజ్ కమాండ్ ఉంది, చాలా డిస్ట్రోల్లో దానికి సుడో కావాలి.

డైరీ తెరవగానే ఎర్ర అక్షరాలు చూసి టెన్షన్ పడేవాళ్లు చాలామంది. చక్కగా నడిచే మెషిన్‌లో కూడా బూట్ అయ్యేటప్పుడు కొన్ని ఎర్ర లైన్లు వస్తాయి, ముఖ్యంగా ఏసీపీఐ పేరుతో వచ్చేవి. వాటిలో చాలావాటికి మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్‌లోని చిన్న లోపాలే కారణం, వాటితో మన పనికి అడ్డు ఉండదు. కాబట్టి ఎర్ర లైన్ ఉందా లేదా అని చూస్తే సరిపోదు. సమస్య లేని రోజు కూడా ఈ లైన్ ఉందా అని చూడాలి. పాత బూట్ డైరీ తీసి పక్కన పెట్టుకుంటే రెండు నిమిషాల్లో తేలుతుంది.

ఇంకో సంగతి. ఒక తప్పు జరిగితే దాని వెనక వందల ఎర్రర్లు తన్నుకొస్తాయి. మన కంటికి ముందు పడేది చివరి లైను, అసలు విషయం ఉండేది మొదటి లైనులో. డిస్క్ ఒకటి తగలకపోతే దాని మీద ఆధారపడిన సర్వీస్ పడిపోతుంది, ఆ సర్వీస్ మీద ఆధారపడిన మరో రెండు పడిపోతాయి. ఆ చివరి రెండింటి గురించి అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. సమస్య జరిగిన సమయం గడియారం చూసి రాసుకుని, డైరీలో ఆ నిమిషం దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి పైకి చదువుకుంటూ వెళ్లాలి.

"నేనేమీ మార్చలేదు, దానంతట అదే పాడైంది" అని మనమంతా అంటాం, నిజమేననుకునే అంటాం. మెషిన్ దగ్గర వేరే లెక్క ఉంటుంది. డెబియన్, ఉబుంటుల్లో ఏపీటీ హిస్టరీ లాగ్, ఫెడోరాలో డీఎన్‌ఎఫ్ హిస్టరీ, ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్ లాగ్ ఏ రోజు ఏ ప్యాకేజీ మారిందో తేదీతో సహా చూపిస్తాయి. ఉబుంటులో సెక్యూరిటీ అప్‌డేట్లు మనం అడక్కుండానే దిగుతాయి. అంటే మనం ఏమీ చేయని రోజున కూడా ఏదో మారి ఉండవచ్చు.

డైరీలో డిస్క్ పేరుతో ఐ/ఓ ఎర్రర్ అని పదే పదే కనిపిస్తే మాత్రం మిగతా ప్రయోగాలన్నీ ఆపేయండి. అది డిస్క్ చావుకి దగ్గరపడుతున్న లక్షణం కావచ్చు. ఆ స్థితిలో రిపేర్ కమాండ్లు నడిపితే మిగిలిన డేటా కూడా పోయే ప్రమాదం ఉంది. ముందు ఫైళ్లు వేరే డిస్క్‌లోకి తీసుకోవాలి. తర్వాత స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్క్ ఆరోగ్యం చూడాలి. వాడకంలో ఉన్న ఫైల్ సిస్టమ్ మీద, దాన్ని సరిదిద్దే ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్ అసలు నడపకూడదు. దీని గురించి గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే కంప్యూటర్‌లో మిగతావన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, ఫొటోలను చేసుకోలేం.

అడిగేటప్పుడు

మంచి ప్రశ్నలో ఏముండాలో తేలిగ్గానే చెప్పవచ్చు. డిస్ట్రో పేరు, వెర్షన్, కెర్నల్ వెర్షన్, సంబంధిత హార్డ్‌వేర్. ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది. ఎర్రర్ ఉన్నది ఉన్నట్టు. ఇప్పటిదాకా ఏం ప్రయత్నించాను, ఒక్కోదానికి ఏమైంది. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. మనం చేసిన ప్రయోగాల వల్ల మెషిన్ ఇప్పుడు వేరే స్థితిలో ఉంది. అది చెప్పకపోతే అవతలివాళ్లు లేని మెషిన్‌కి వైద్యం చేస్తారు.

హార్డ్‌వేర్ చెప్పేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరు చాలదు. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు వైఫై చిప్పులు పెట్టి అమ్మడం మామూలే. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కి మైనస్ ఎన్ఎన్‌కే తగిలిస్తే ప్రతి పరికరానికీ ఉన్న అంకెల గుర్తూ, దాన్ని ఇప్పుడు ఏ డ్రైవర్ నడుపుతోందో అన్నదీ రెండూ వస్తాయి. ఆ గుర్తులో మొదటి భాగం తయారీదారుది. ఇంటెల్‌కి అది 8086, ఆ కంపెనీ 1978లో తెచ్చిన ప్రాసెసర్ పేరే. రెండో భాగం పరికరానిది. ఈ రెండూ కలిపి వెతికితే పెట్టె మీద రాసిన పేరుతో వెతికినదానికన్నా చాలా దగ్గరి జవాబులు దొరుకుతాయి.

సిస్టమ్‌ని తెలుగులోనో మరో భాషలోనో వాడేవాళ్లకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఎర్రర్ తెలుగులో వస్తే దాన్ని వెతికినా ఏమీ దొరకదు, మనం ఇంగ్లీషులోకి మార్చి రాస్తే అసలు మాటలు మారిపోతాయి. కమాండ్ ముందు ఎల్‌సీ అండర్‌స్కోర్ ఆల్ ఈక్వల్స్ సీ అని, అక్షరాలన్నీ పెద్దవిగా పెట్టి నడిపితే, ఆ ఒక్కసారికి ఎర్రర్ ఇంగ్లీషులో వస్తుంది. సిస్టమ్ భాష మారదు. ఈ చిన్న కిటుకు తెలియక ఇంగ్లీషు డెస్క్‌టాప్‌కి మారిపోయినవాళ్లున్నారు. మారక్కర్లేదు.

తెర ఫొటో తీసి పెట్టడం కన్నా అక్షరాలను కాపీ చేసి పెట్టడం మేలు. అవతలివాళ్లు అందులో ఒక ముక్క తీసుకుని వెతకగలుగుతారు. రేపు ఇదే ఎర్రర్ వచ్చినవాళ్లకి మీ ప్రశ్న కనిపిస్తుంది కూడా. బూటే అవ్వనప్పుడు ఫొటో తప్ప దారి లేదు, అది అందరికీ తెలుసు. పెట్టే ముందు ఒకసారి చదువుకోండి. లాగ్‌లలో వైఫై పేరు, డిస్క్ సీరియల్ నంబర్, యూజర్ పేరు, పబ్లిక్ ఐపీ అడ్రస్ ఉంటాయి. ఒక్కోసారి కాన్ఫిగ్ ఫైల్‌లో పాస్‌వర్డ్ కూడా. వాటిని చెరిపి, చెరిపానని చెప్పండి. చెప్పకుండా మారిస్తే చదివేవాళ్లు ఆ మార్పునే తప్పనుకుంటారు.

వచ్చిన జవాబుని తూచడం

వెతికితే దొరికే కమాండ్లలో అబద్ధాలు తక్కువ. చాలావరకు అవి ఎవరికో, ఏదో డిస్ట్రోలో, ఏదో సంవత్సరంలో నిజంగానే పనిచేశాయి. మన మెషిన్ ఆ మెషినేనా అన్నదే ప్రశ్న. ఉబుంటు 17.10 నుంచి నెట్‌వర్క్ సెట్టింగులు నెట్‌ప్లాన్ అనే సాధనం చేతిలోకి వెళ్లాయి. అంతకు ముందు రాసిన జవాబు చూసి పాత ఫైల్‌లో ఎంత శ్రద్ధగా రాసినా, సిస్టమ్ దాన్ని చదవనే చదవదు. డీఎన్‌ఎస్ కోసం రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్ మార్చమనే సలహా కూడా ఇలాంటిదే. ఇప్పుడు చాలా సిస్టమ్‌లలో ఆ ఫైల్‌ని మరో సర్వీస్ రాస్తుంది. మనం మార్చింది కాసేపు పనిచేసి, రీస్టార్ట్ తర్వాత మాయమవుతుంది. ఆర్చ్ వికీ ఏ డిస్ట్రో వాడేవాళ్లకైనా చదవదగ్గది, అందులో విషయం వివరించే తీరు నాకు చాలా ఇష్టం. కానీ ప్యాకేజీ పేర్లూ ఫైల్ దారులూ మన డిస్ట్రోలో వేరుగా ఉండవచ్చు.

కమాండ్ నడిపే ముందు నేను మూడు సంగతులు చూసుకుంటాను. ఇందులో ప్రతి ముక్కా ఏం చేస్తుంది? ఇది నేను అనుకున్న కారణాన్ని తాకుతోందా, లేక లక్షణాన్ని మూసేస్తోందా? పనిచేయకపోతే వెనక్కి ఎలా తీసుకోవాలి? మొదటిదానికి మాన్యువల్ పేజీ ఉంది. ఇవాళ చాలామంది చాట్‌బాట్‌ని అడిగి కమాండ్లు తెచ్చుకుంటున్నారు. అడగడంలో తప్పు లేదు, కానీ అవి లేని ఆప్షన్‌ని కూడా ఉన్నట్టే ధీమాగా రాస్తాయి. మాన్యువల్‌లో ఆ ఆప్షన్ ఉందో లేదో చూడటానికి నిమిషం చాలు.

లక్షణాన్ని మూసేసే సలహాల్లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది, ఫైల్ హక్కులు మార్చే సీహెచ్‌మోడ్ 777 కమాండ్. "పర్మిషన్ డినైడ్" వచ్చిందా, అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేయ్, పోతుంది అంటారు. ఆ ఎర్రర్ నిజంగానే పోతుంది. దాన్ని యూఎస్‌ఆర్ లాంటి సిస్టమ్ ఫోల్డర్ మీద లోపలి ఫైళ్లన్నిటికీ వర్తించేలా నడిపితే, సుడో ప్రోగ్రామ్‌కి ఉండాల్సిన సెట్‌యూఐడీ అనే ప్రత్యేక గుర్తు చెరిగిపోతుంది. ఇక సుడో పనిచేయదు. తప్పు సరిదిద్దాలంటే రూట్ హక్కులు కావాలి, ఆ హక్కులిచ్చే ద్వారమే మూసుకుపోయింది. వేరే మెషిన్‌లోకి దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కూడా ప్రైవేట్ కీ ఫైల్ అందరికీ తెరిచి ఉంటే దాన్ని వాడనని మొండికేస్తుంది. పర్మిషన్ ఎర్రర్ వచ్చినప్పుడు అడగాల్సింది ఈ ఫైల్ ఎవరిది, దీన్ని చదవాల్సిన ప్రోగ్రామ్ ఏ యూజర్ పేరుతో నడుస్తోంది అని. జవాబు దాదాపు ఎప్పుడూ ఒక చిన్న మార్పులో ఉంటుంది.

ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఏపీటీ లాక్ ఫైల్ తీసేయమనే సలహా కూడా విరివిగా దొరుకుతుంది. ఆ లాక్ పెట్టింది సాధారణంగా వెనకాల నడుస్తున్న మరో అప్‌డేట్. అది పని మధ్యలో ఉండగా లాక్ పీకేసి ఇంకో ఇన్‌స్టాల్ మొదలుపెడితే ప్యాకేజీల లెక్క చెడుతుంది. కాసేపు ఆగితే అదే వదులుతుంది. నిజంగానే మధ్యలో కరెంటు పోయి ఆగిపోతే డీపీకేజీ కన్ఫిగర్ మైనస్ ఏ అనే కమాండ్ సగంలో ఆగినవాటిని పూర్తి చేస్తుంది.

ఇంకో హెచ్చరిక ఏపీటీ నుంచే వస్తుంది. మనం ఇచ్చిన కమాండ్ వల్ల సిస్టమ్‌కి తప్పనిసరైన ప్యాకేజీ ఊడిపోయేలా ఉంటే, పాత వెర్షన్లలో అది మామూలు వై అక్షరంతో ఒప్పుకునేది కాదు, "యెస్, డూ యాజ్ ఐ సే!" అని పూర్తి వాక్యం టైప్ చేయమనేది. అలా టైప్ చేసి డెస్క్‌టాప్ మొత్తం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మెషిన్ ఇంత పెద్ద వాక్యం రాయమంటోందంటే, అక్కడ ఆగి తీసేయబోయే ప్యాకేజీల జాబితా మొత్తం చదవాలి.

బూట్ కానప్పుడు

దీనికి భయపడేవాళ్లే ఎక్కువ, నిజానికి ఇక్కడ డేటా పోవడం అరుదు. కొత్త డిస్క్ కోసం, బూట్‌లో ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఒక లైన్ చేర్చి, తర్వాత ఆ డిస్క్ పీకేస్తే, సిస్టమ్‌డీ దాని కోసం మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. ఆ లైన్‌లో నోఫెయిల్ అనే మాట ఉంటే డిస్క్ లేకపోయినా బూట్ ఆగదు. డిస్క్‌ని ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లతో కాకుండా యూయూఐడీ అనే మారని గుర్తుతో రాయాలి, ఎందుకంటే ఆ పేర్లు బూట్ బూట్‌కీ మారవచ్చు. ఫైల్ మార్చాక రీస్టార్ట్ చేసే ముందు ఫైండ్‌మౌంట్ వెరిఫై నడిపితే చాలా తప్పులు అక్కడే బయటపడతాయి.

కొత్త గ్రాఫిక్స్ కార్డ్ పెట్టాక తెర నల్లగా ఉండిపోతే గ్రబ్ మెనూలో ఇంగ్లీషు 'e' అక్షరం నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైన్ చివర నోమోడ్‌సెట్ అని చేర్చి, కంట్రోల్ ఎక్స్‌తో బూట్ చేయవచ్చు. అది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది. తెర వస్తే లోపలికి వెళ్లి డ్రైవర్ సంగతి చూసుకోవచ్చు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవర్‌ని కెర్నల్ రానివ్వదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇన్‌స్టాల్ అయిందంటుంది, పనిచేయదు, కారణం డైరీలో ఉంటుంది.

ఇవేవీ కుదరకపోతే లైవ్ పెన్‌డ్రైవ్. దాని నుంచి బూట్ చేసి, లోపలి డిస్క్‌ని మౌంట్ చేసి, సీహెచ్‌రూట్‌తో అందులోకి వెళ్తే మన సిస్టమ్‌లో కూర్చుని పనిచేసినట్టే ఉంటుంది. అన్నీ బాగున్న రోజున ఒక పెన్‌డ్రైవ్ తయారు చేసి పక్కన పెట్టుకోండి. ఒక నోట్‌బుక్ కూడా. ఈటీసీ ఫోల్డర్‌లో ఏ ఫైల్ ఎప్పుడు ఎందుకు మార్చానో నేను తేదీతో రాసుకుంటాను. మార్చే ముందు పాత ఫైల్‌కి ఒక కాపీ తీసి ఉంచుతాను.

తిరిగి ఇవ్వాల్సింది

కొన్ని సమస్యలు మన సెట్టింగులవి కావు, ప్రోగ్రామ్‌లోనే తప్పు. అప్పుడు బగ్ రిపోర్ట్ రాయాలి. ముందు డిస్ట్రోకి రాయడం మంచిది, వాళ్లు చేర్చిన మార్పు వల్ల వచ్చిందో కాదో వాళ్లు చెప్పగలరు. కెర్నల్ వాళ్లకి నేరుగా రాస్తే, బయటి కంపెనీ ఇచ్చిన మూసిన డ్రైవర్ ఏదైనా లోడ్ అయి ఉందా అని చూస్తారు. ఉంటే కెర్నల్ తనను తాను టెయింటెడ్ అని గుర్తు పెట్టుకుంటుంది. ఆ డ్రైవర్ లేకుండా మళ్లీ జరిగేలా చేసి చూపించమంటారు. అది విసుక్కోవడం కాదు, సోర్స్ కోడ్ లేని దాని తప్పుని వాళ్లు వెతకలేరు.

ఒక మామూలు గమనిక ఎంత దూరం వెళ్లగలదో 2024లో చూశాం. డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ డెబియన్ అన్‌స్టేబుల్ మెషిన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించారు. చాలామంది వదిలేసేంత చిన్న విషయం. ఆయన వదల్లేదు, ఆ అర సెకను ఎక్కడ ఖర్చవుతోందో పొర పొరా తవ్వుకుంటూ వెళ్లారు. చివరికి ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దాచిన దొంగదారి బయటపడింది. మార్చి 29న ఆయన దాన్ని అందరికీ తెలిసేలా రాశారు. ఏం చూశారో, ఎలా చూశారో, ఏది రుజువైందో, ఏది ఇంకా తేలలేదో వేర్వేరుగా పెట్టారు. మిగతావాళ్లు వెంటనే తమ మెషిన్లలో సరిచూసుకోగలిగారు, డిస్ట్రోలు ఆ వెర్షన్లను వెనక్కి తీసుకున్నాయి.

నా లాగిన్ గొడవ తీరిన రోజు సాయంత్రం, పాత ప్రశ్న దగ్గరికి మళ్లీ వెళ్లాను. "గ్రాఫిక్స్ డ్రైవర్ పాడైంది" అన్న శీర్షిక తీసేసి, "పాస్‌వర్డ్ సరిగా కొట్టినా లాగిన్ స్క్రీన్ తిరిగొస్తోంది, టెక్స్ట్ కన్సోల్ పనిచేస్తోంది" అని మార్చాను. కింద డీఎఫ్ ఇచ్చిన అంకెలు, ఆ పెద్ద ఫైల్ పేరు, దాన్ని కనిపెట్టిన కమాండ్, దాన్ని ఖాళీ చేశాక ఏమైందో రాశాను. డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం వల్ల ఏ ఉపయోగమూ లేకపోయిందని కూడా రాసి, ఆ ఫైల్‌ని నింపుతున్న ప్రోగ్రామ్ ఏదో ఇంకా వెతుకుతున్నానని చేర్చాను. మర్నాటికి డిస్క్ సంగతి అడిగినాయనే మళ్లీ వచ్చి, ఆ ఫైల్ చివరి ఇరవై లైన్లు పెట్టమన్నారు.